తగ్గకూడని అంకె

జబ్బు దేశదేశాలకు పాకి వీధులకు తాళాలు పడ్డప్పుడు అన్ని వ్యాపారాలూ మూతపడ్డాయి. మూతపడటంలోనూ కాస్త సుఖం ఉంటుంది. కావాలంటే బట్టల కొట్టాయన్ని అడగండి. షట్టరు దించేస్తాడు, లైట్లు ఆర్పేస్తాడు, ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. బీరువాలో గుడ్డలు తిండి అడగవు కదా. స్కానింగ్ సెంటరు పెట్టుకున్నవాళ్ళకు ఆ పాటి అదృష్టం కూడా లేదు.

డాక్టరమ్మ సెంటరులో ఉన్నది ఎమ్మారై యంత్రం. మనిషిని పడుకోబెట్టి లోపలికి తోసే ఆ గుండ్రటి సొరంగం చుట్టూ పెద్ద అయస్కాంతం ఉంటుంది. అదేమీ మామూలు ఇనుము కాదు. హీలియం అనే వాయువును నీరులా ద్రవమయ్యేంత చల్లబరిచి, అందులో దాన్ని ముంచి ఉంచాలి. పేషెంట్లు వచ్చినా రాకపోయినా ఆ చలి ఒక్క పూట కూడా తగ్గడానికి వీల్లేదు. తగ్గితే హీలియం ఆవిరైపోతుంది. అది పోతే అయస్కాంతం చచ్చినట్టే. మళ్ళీ బతికించాలంటే ఉన్న ఇల్లు అమ్ముకోవాలి. అందుకే డాబా మీద చిల్లర్ అనే భారీ పెట్టె ఒకటి రాత్రనక పగలనక రొద పెడుతూ కింది యంత్రానికి చల్లటి నీళ్ళు పంపుతూ ఉండేది. పేషెంటు మొహం చూడని ఆ సెంటరులో తిండి మానని ప్రాణి అదొక్కటే.

జబ్బు రాకముందు రోజుకు పద్నాలుగు మంది, ఒక్కోసారి పదహారు మంది వచ్చేవారు. మోకాళ్ళు, నడుములు, మెడలు, ఆగని తలనొప్పులు. తాళాలు పడ్డాక ఈ నొప్పులన్నీ ఎక్కడికి పోయాయో ఆ భగవంతుడికే తెలియాలి. ఎముకల డాక్టర్లు క్లినిక్కులు మూసుకున్నారు, ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, చీటీలు రాసి పంపేవాళ్ళే లేరు. నడుము విరిగిపోతున్నా సరే, ఎవరో పడుకుని లేచిన సొరంగంలో పడుకోవడానికి జనం జంకారు. మూడు రోజులకొకరు వస్తే గొప్ప. ఆ ఒక్కరు వెళ్ళాక గదంతా తుడవడానికి గంట పట్టేది.

ఇల్లు తాకట్టు పెట్టి కొన్న యంత్రం అది. కిందంతా సెంటరు, పైన కాపురం, డాబా మీద ఒక్క గది. జీతగాళ్ళు ఆరుగురు. మూడో నెలలో డాక్టరమ్మ ముందు రెండే దారులు మిగిలాయి. ఆరుగురికీ జీతాలివ్వాలి, లేదా యంత్రం కంపెనీతో ఏటా రాసుకునే మరమ్మతుల కాంట్రాక్టుకు డబ్బు కట్టాలి. కాంట్రాక్టు ఉంటే కంపెనీవాళ్ళు ఎక్కడో ఊళ్ళో కూర్చునే ఆ యంత్రాన్ని కనిపెట్టుకుని ఉంటారు. తేడా వస్తే మనకన్నా ముందే ఫోను చేస్తారు. ఆమె జీతాలిచ్చింది, కాంట్రాక్టు వదిలేసింది. చేసింది మంచి పనే. మంచి పని చేసినవాళ్ళను వెతికి మరీ శిక్షించిన ఏడాది అది.

ఇంట్లో ఉన్నది ఇద్దరే. మొగుడికి ఓడ మీద ఉద్యోగం. ఏ రేవులోకీ రానివ్వక ఆ ఓడ నడిసముద్రంలో లంగరు వేసుకుని కూర్చుంది. వారానికోసారి ఫోను కలిస్తే "ఎలా ఉన్నారు?" అని అటూ ఇటూ అరుచుకోవడంతోనే లైను తెగిపోయేది. ఇక మిగిలింది మామగారు. ఆయన కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ముప్పై నాలుగేళ్ళపాటు ఇంటింటికీ తిరిగి, మెట్ల కిందా తలుపుల వెనకా ఉన్న మీటర్లలోకి తల దూర్చి అంకెలు రాసుకున్న మనిషి. ఒక అంకె అటుదిటు రాసి పుణ్యం కట్టుకోమని బతిమాలినవాళ్ళున్నారు, చేతిలో నోటు పెట్టబోయినవాళ్ళూ ఉన్నారు. ఆయన మాత్రం ఉన్నది ఉన్నట్టే రాసేవారు. వీధిలో అందరికీ ఆయన మీటరాయనే. సొంత పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి ఎవర్నంటూ చూస్తారు.

రోజూ పొద్దున హీలియం నూటికి ఎంత ఉందో చూసి రాయడం టెక్నీషియన్ పని. పేషెంట్లతో రోజంతా "ఊపిరి తీసుకోండి, బిగబట్టండి, ఇక వదలండి" అని చెప్పి చెప్పి అతనికి బిగబట్టు అనే పేరు స్థిరపడింది. పదకొండేళ్ళుగా సెంటరును కంటికి రెప్పలా చూసుకున్నవాడు. జబ్బు ముందు అతనికే అంటుకుంది. ఆస్పత్రిలో చేర్చారు. మిగతావాళ్ళ వీధులకు అడ్డంగా కంచెలు కట్టేశారు. దాంతో డాక్టరమ్మ మామగారిని కిందికి తీసుకెళ్ళి, యంత్రం పక్క గదిలో గోడకున్న చిన్న తెర చూపించింది.

"రోజూ పొద్దున తొమ్మిదింటికి ఈ అంకె చూసి పుస్తకంలో రాయాలి మామయ్యా. నేను ఆస్పత్రి డ్యూటీకి వెళ్తున్నాను కదా, నాకు కుదరడం లేదు."

"డెబ్బై ఒకటి" అని చదివారాయన, కళ్ళజోడు పైకి తోసుకుని. "తొమ్మిదంటే తొమ్మిదే. నా జన్మంతా చేసిందిదేగా. నువ్వు నిశ్చింతగా వెళ్ళు తల్లీ."

ఆ అంకె తగ్గకూడదని ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని కూడా తోచలేదు. పెద్ద చదువులు చదివినవాళ్ళకు ఈ జబ్బొకటి ఉంటుంది, తమకు తెలిసింది లోకమంతటికీ తెలుసనుకుంటారు. అక్కడ చూస్తే, ముప్పై నాలుగేళ్ళు మీటర్లు చూసిన మనిషి కళ్ళకు అంకె అంటే వాడకం. పెరిగితే ఖర్చు, తగ్గితే మిగులు.

ఐదో రోజుకు డాక్టరమ్మకూ జ్వరం వచ్చింది. పెద్దాయనకు అంటించకూడదని డాబా మీది గదిలోకి చేరి తలుపు వేసుకుంది. ఆయన రెండు పూటలా భోజనం తెచ్చి గుమ్మం ముందు స్టూలు మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి, ఆమె తీసుకునేదాకా నిలబడేవారు. ఆ గదికి ఆనుకునే చిల్లర్ ఉంది. మామూలప్పుడు ఎవరూ పట్టించుకోని రొద జ్వరంలో ఆమె నెత్తి మీద సమ్మెట దెబ్బలా పడింది. మూడు రోజులు కన్ను మూతపడలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం గ్లాసు అందుకోవడానికి కూడా లేవలేక, గోడ వైపు తిరిగి ఏడుస్తూ అంది.

"ఆ మోత ఆపండి మామయ్యా. తల పగిలిపోతోంది. మీకు దణ్ణం పెడతాను, ఆపండి."

కోడలు ఏడవడం ఆయన అప్పటిదాకా చూడలేదు. ఆపకూడదని ఎర్ర అక్షరాలతో రాసిన అట్ట కింది అంతస్తులో పెద్ద స్విచ్చుబోర్డుకు వేలాడుతోంది గానీ డాబా మీది స్విచ్చుకు ఏ రాతా లేదు. కింద ఒక్క మనిషి లేడు, పేషెంటు వచ్చి పది రోజులైంది. ఎవరూ లేని గదులకు చల్లదనం దేనికి? ఆయన స్విచ్చు కట్టేశారు. డాబా అంతా ఒక్కసారిగా నిమ్మళించింది. ఆ సాయంత్రం ఆయన కిటికీలోంచి తొంగి చూస్తే కోడలు నోరు తెరుచుకుని చంటిపిల్లలా నిద్రపోతోంది. మర్నాడు జ్వరం దిగడం మొదలైంది. ఆమె ఆ నిశ్శబ్దంలోనే కోలుకుంది, అందులో అబద్ధం లేదు.

ఆ మర్నాడే కింది గదిలో తెర పక్కన పెట్టె ఒకటి కీచుకీచుమని అరవసాగింది. గంట బొమ్మ మీద అడ్డగీత ఉన్న బొత్తాం కనిపిస్తే ఆయన నొక్కారు. అరుపు ఆగింది. పిల్ల నిద్ర చెడకుండా కాపాడానని సంతోషపడ్డారు. అంకె చూస్తే అరవై ఎనిమిది. ఆ మర్నాడు అరవై ఆరు. ఇన్నాళ్ళూ ఊరికే తిన్న యంత్రానికి తిండి తగ్గించానని ఆయనకు లోలోపల గర్వం కలిగింది. "అంతా బాగుందా మామయ్యా?" అని కోడలు తలుపు వెనక నుంచి అడిగినప్పుడల్లా "అదంతా నీకెందుకు? నేను రాస్తున్నాగా. ముందు నువ్వు లేచి తిరుగు" అనేవారు. పూర్తిగా కోలుకున్నాక ఒక్కసారే చెప్పి సంతోషపెడదామని ఆగారు.

జ్వరం వచ్చిన పదిహేనో రోజున ఆమె గది తలుపు తీసింది. పట్టుకోవడానికి ఏదీ లేకుండా నాలుగు మెట్లు దిగగలిగింది. మామగారు మెట్ల మొదట్లోనే పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నారు.

"చూడమ్మాయ్. డెబ్బై ఒకటి నుంచి నలభై నాలుక్కి దించా! ఒక్క రోజు తప్పకుండా రాశాను. ఈ నెల బిల్లు చూస్తే నువ్వే నమ్మవు."

డాక్టరమ్మ పుస్తకం తీసుకుంది. ముత్యాల్లాంటి అక్షరాలు. తేదీ, టైము, అంకె, ఆయన పొడి సంతకం. అప్పుడు గానీ ఆమెకు డాబా మీది నిశ్శబ్దం వినపడలేదు. పది రోజులుగా హాయిగా పడుకున్నది అందులోనే. ఎవరో ఏడుస్తూ మోత ఆపమని వేడుకోవడం జ్వరంలో విన్నట్టే గుర్తుంది. ఆ గొంతు తనదేనని ఇప్పుడు తెలిసింది. ఎవర్ని తిట్టాలి? నోరు తెరిస్తే ముందు తనను తిట్టుకోవాలి. ఎదురుగా ఆయన మెచ్చుకోలు కోసం బడిపిల్లాడిలా చూస్తున్నారు.

"చాలా బాగా రాశారు మామయ్యా" అంది.

మెట్లెక్కి వెళ్ళి స్విచ్చు వేసింది. చిల్లర్ తిరిగింది. కిందికొచ్చి, హీలియాన్ని చల్లగా ఉంచే కంప్రెసర్ అనే యంత్రాన్ని కూడా వేసింది. అది పది నిమిషాలు పనిచేసి ఆగిపోయింది. మళ్ళీ వేసింది, మళ్ళీ ఆగింది. ఇక మామగారు వరండాలోకి వెళ్ళాక కంపెనీ ఇంజనీరుకు ఫోను చేసింది. కాంట్రాక్టు లేకపోయినా అతను ఫోను ఎత్తాడు, మంచివాడు.

"ఎన్నాళ్ళు ఆగిపోయింది మేడమ్?"

"పది రోజులు."

"లోపల చల్లబరిచే భాగం పాడైపోయి ఉంటుంది. ఆ భాగం మార్చాలి. అది బయటి దేశం నుంచి రావాలి, విమానాలు లేవు. హీలియం లారీ సరిహద్దు దగ్గర నిలబడి ఇరవై రోజులు. ఇప్పుడెంత ఉంది?"

"నలభై నాలుగు."

"ముప్పై కిందికి వెళ్తే ఇక అదే వదిలేస్తుంది మేడమ్. ఉన్నదంతా ఒక్కసారి ఆవిరైపోతుంది. ఈలోగా నేను రాగలిగితే అయస్కాంతాన్ని మెల్లగా నిద్రపుచ్చొచ్చు. అలా చేస్తే యంత్రం మిగులుతుంది. నాకో పర్మిట్ ఇప్పించండి చాలు, కారేసుకుని వచ్చేస్తా. అసలు ఎలా ఆగింది? స్విచ్చు ఎవరైనా కట్టేశారా?"

"తెలీదు. అదే ఆగిపోయినట్టుంది" అంది డాక్టరమ్మ.

పర్మిట్ కోసం ఆమె ఎక్కని మెట్టు లేదు. గోడలు పట్టుకుని నడిచింది. ఆఫీసులో అద్దం వెనక ఉన్నాయన కాగితం తిరగేసి "ఇది ప్రాణాలు కాపాడే యంత్రమేనా?" అని అడిగాడు. ఔనంది. "మరి ఈ నెల ఎంతమందికి తీశారు?" అన్నాడు. చివరికి ఎవరో జాలిపడి రెండో రోజున ముద్ర వేశారు. ఆ కాగితం పట్టుకుని ఇంజనీరు బయలుదేరాడు. సాయంత్రానికి ఫోను వచ్చింది.

"మేడమ్, సరిహద్దు దగ్గర నాకు కాస్త వేడి ఉందని ఆపేశారు. ఒక బడి గదిలో పెట్టారు. పద్నాలుగు రోజులు కదలకూడదట. నాకేమీ లేదు, ఎండలో వచ్చాను, అంతే. ఎంత చెప్పినా వినడం లేదు. నన్ను క్షమించండి."

ఆమె ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే గుమ్మంలో మామగారు ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు.

"అమ్మాయ్" అన్నారు. "ఆ అంకె తగ్గకూడదా?"

అబద్ధం చెబుదామనుకుంది. తొందరలో ఒక్కటీ దొరకలేదు. "తగ్గకూడదు మామయ్యా."

ఆయన మెల్లగా మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళారు. ఆమె భయపడి వెనకే వెళ్ళింది. ఆయన చిల్లర్ పక్కనున్న స్విచ్చు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. చాలాసేపు అలాగే చూసి, కిందికి దిగొచ్చి, కుర్చీ ఒకటి లాక్కుని చిన్న తెర ముందు కూర్చున్నారు. భోజనానికి పిలిస్తే ఇక్కడికే తెమ్మన్నారు. "మీవల్ల కాదు మామయ్యా, యంత్రమే పాతబడింది" అని ఆమె రెండుసార్లు చెప్పింది. "అంతేలే" అన్నారు, తెర మీంచి చూపు తిప్పకుండా.

నలభై ఒకటి. ముప్పై ఎనిమిది. ముప్పై ఆరు.

చేయగలిగింది ఏదీ లేదని తెలిసినా ఇంట్లో ఇద్దరూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు. ఆయన యంత్రం గది కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఎండ తగలకపోతే మేలేమోనని ఆశ. ఆ దుప్పట్ల వల్ల వెంట్రుకవాసి లాభం లేదని తెలిసీ ఆమె నిచ్చెన పట్టుకుంది. ఆస్పత్రి నుంచి బిగబట్టు ఫోను చేశాడు. గొంతు పీలగా ఉంది. మాటకూ మాటకూ మధ్య గాలి పీలుస్తున్నాడు.

"లెవెల్ ఎంతుంది మేడమ్?"

"డెబ్బై. నువ్వు దాని సంగతి మర్చిపో."

"హమ్మయ్య. ఇక్కడ నర్సు నన్ను ఊపిరి బిగబట్టమంటోంది మేడమ్. ఎంతమందితో చేయించానో, నావల్ల ఒక్కసారి కూడా కావడం లేదు." నవ్వబోయి దగ్గాడు. "నేనొచ్చేదాకా పెద్దాయన్ని జాగ్రత్తగా రాయమనండి."

ముప్పై మూడు నాడు బ్యాంకు నుంచి ఒక మనిషి వచ్చి, ముసుగు సర్దుకుంటూ గేటు అవతలే నిలబడి, వాయిదాల గురించి మర్యాదగానే మాట్లాడి వెళ్ళాడు. ఆమె కూడా మర్యాదగానే తలూపింది. ఆరుగురు జీతగాళ్ళ మొహాలూ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. ఇంకో నెల ఇవ్వగలనా అనుకుంది. ఇవ్వలేనని తెలుసు.

మర్నాడు తొమ్మిదింటికి ఆమె కిందికి దిగి గుమ్మంలో నిలబడింది.

"ఇవాళ ఎంత మామయ్యా?"

"ముప్పై మూడు" అన్నారాయన.

అంతకు గంట ముందే ఆమె తెర చూసి వెళ్ళింది. ముప్పై ఒకటి. ఆయన కళ్ళు కనపడక అన్నది కాదు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది, ఎదుటి అంకె అరచేయంత ఉంది. మనిషి మాత్రం ఆమె వైపు తిరగడం లేదు. నోటు చేతిలో పెట్టబోతే తోసేసిన మనిషి, సొంత తమ్ముడింటి మీటరు కూడా ఒక్క యూనిట్ తగ్గించి రాయని మనిషి.

"హమ్మయ్య, నిలబడింది" అంది. "ఇక తగ్గదులెండి."

"తగ్గదు" అన్నారాయన. పుస్తకంలో రాశారు. ఆ రోజు ఇద్దరూ ఒక్కచోట కూర్చుని భోంచేశారు. ఓడ మీంచి ఫోను వస్తే ఇక్కడంతా కులాసాయేనని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఆ తర్వాతి రోజు కూడా ముప్పై మూడే అన్నారు. ఆమె చూసినప్పుడు ఇరవై తొమ్మిది.

ఆ పొద్దున పదకొండు గంటలప్పుడు ఆమె పై అంతస్తులో బట్టలు ఆరేస్తోంది. ముందు కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. తర్వాత డాబా మీది గొట్టంలోంచి పెద్ద హోరు లేచింది. వీధిలో కిటికీలన్నీ టపటపా తెరుచుకున్నాయి, ఏం పేలిందోనని జనం బయటికొచ్చారు. తెల్లటి పొగ మబ్బులా లేచి, పిట్టగోడ మీంచి జారి, ఎదురింటి గోడదాకా పాకింది. రెండు మూడు నిమిషాలు హోరుమని, మెల్లగా సన్నబడి ఆగిపోయింది. ఎదురింటి ఆవిడ "ఏమైందమ్మా డాక్టరమ్మా?" అని కేకేసింది. డాక్టరమ్మ చేతిలో తడి బట్టతోనే మెట్లు దిగింది.

మామగారు కుర్చీలోంచి లేవలేదు. కిటికీకి కట్టిన దుప్పటి ఒకటి ఊడి వేలాడుతోంది. తెర మీద అంకె ఉండాల్సిన చోట రెండు చిన్న గీతలు వెలుగుతున్నాయి. ఆయన వాటివంకే చూస్తున్నారు.

ఆమె పక్కకు వచ్చి నిలబడింది. ఏదైనా అడగాలి, లేకపోతే ఆయన ఆ కుర్చీలోనే కూలిపోయేలా ఉన్నారు.

"ఎంత ఉంది మామయ్యా?"

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"ముప్పై మూడే తల్లీ."

పుస్తకం ఒళ్ళో తెరిచే ఉంది గానీ పెన్ను పట్టుకున్న చెయ్యి కదలడం లేదు. ఆమె నేల మీద కూర్చుని, ఆయన వేళ్ళ మధ్య నుంచి పెన్ను మెల్లగా తీసుకుంది. ఆ వరసలో తేదీ వేసి, టైము వేసి, ఆయన చెప్పిన అంకె రాసింది.